కమలా, నీ బదులు వన్స్ మోర్

కమలా,

నిన్న సాయంత్రం ఏడు దాటాక, రాజమండ్రిలో నిండిన హాల్లో, నేను వన్స్ మోర్ అని అరిచాను. ఇన్నేళ్లూ పేపరుకి నాటకాల రిపోర్టు రాసేవాణ్ని నేను, పక్కన కూర్చుని అరిచేదానివి నువ్వు. నువ్వు పోయాక నేను చూసిన మొదటి నాటకం ఇది.

కొత్త సంగీత నాటకం. ఊరూరా జనం విరగబడుతున్నారు. ఇందులో దేవుడికి కిరీటం లేదు. గోదావరి వరదలప్పుడు శిబిరంలో అన్నం కోసం వరసలో నిలబడతాడు. వంతు రాగానే పళ్లెం అందుకుని, తన వెనకున్న ముసలామెకు ఇచ్చేసి పద్యం పాడతాడు. కొండమీద వెతికారు గానీ వరసలో మీ వెనకే ఉన్నానంటాడు.

నాకు కోరుకొండ గుడి మెట్లు గుర్తొచ్చాయి. కళ్లు తిరిగి పడిన ఒకావిణ్ణి పట్టుకుని, "స్వామి ఎక్కడికీ పోడండి, ముందు ఈవిడకి నీళ్లు తెండి," అన్నావు. ఆరోజు మనకు దర్శనం కాలేదు.

పద్యం అయిపోయింది. ఎవరూ అడగలేదు, ఇప్పటివాళ్లకు ఆ అలవాటు లేదు. వెనక సీట్లోంచి, పాత నాటకాలకు హార్మోనియం వాయించిన సుబ్బారావు గారు, "అమ్మగారుంటే ఈపాటికి వన్స్ మోర్ పడేదండి," అన్నారు.

అప్పుడు అరిచాను. నటుడు ఒక్క క్షణం ఆగి, ముసలామె చేతిలోని పళ్లెం వెనక్కి తీసుకుని, మళ్లీ మొదలుపెట్టాడు. హాలంతా నవ్వింది. నీవైపు తిరిగాను. ఆ సీట్లో ఎవరిదో సంచి ఉంది.

రిపోర్టులో ఇదేదీ రాయలేదు. రేపు ఆరున్నరకు కాకినాడలో ప్రదర్శన. ఆఫీసు పంపడం లేదు. నాలుగింటి బస్సుకి వెళ్తున్నాను.