అత్తయ్య నింపిన మొదటి పేజీ

షామ్‌బర్గ్,
ఆదివారం

అత్తయ్యగారికి నమస్కారాలు.

హెర్న్‌డన్‌లో వదినావాళ్లింట్లో మీకు బాగా తోస్తోందా? ఫోన్‌లో చెప్పలేక దాటేసిన సంగతి ఒకటి రాస్తున్నాను.

విమానం నడపడం నేర్చుకుంటూ గంటలు రాసుకోవడానికి కొన్న నా కొత్త పైలట్ లాగ్‌బుక్ మొదటి పేజీలో, ఇళ్ల కప్పులు చెక్ చేయడానికి నేను డ్రోన్ ఎగరేసిన గంటలన్నీ మీరు గుండ్రటి అక్షరాలతో ఎక్కించారు కదా. అవేవీ లెక్కలోకి రావట. విమానంలో కూర్చుని నడిపిన గంటలే గంటలట. ఇన్‌స్ట్రక్టర్ ఆ పేజీని అడ్డంగా కొట్టేశాడు. చింపుతానంటే మాత్రం నేను ఒప్పుకోలేదు.

నిన్న ఆయనా నేనూ మొదటిసారి విమానంలో పైకి వెళ్లాం. దూరంగా పక్షి కనబడగానే, "ఎడమ పక్కన పిట్టొస్తోంది!" అని తెలుగులోనే అరిచేశాను. చలిలో నా పక్కన నిలబడి, డ్రోన్‌కి పిట్టలేమైనా అడ్డొస్తాయేమోనని మెడ పట్టేసేదాకా పైకే చూస్తూ మీరు అరిచినట్టే.

ఆయనకు అర్థం చెప్పాను. "ఆకాశాన్ని ఇలా చూడటం ఎవరు నేర్పారు?" అన్నాడు.

"మీరు కొట్టేసిన పేజీ రాసినావిడే" అన్నాను.

లైసెన్స్ రాగానే నా పక్క సీట్లో మొదట మీరే కూర్చోవాలి. ఈసారి మెడ ఎత్తక్కర్లేదు అత్తయ్యా, పిట్టలు మనకి ఎదురుగానే వస్తాయి.

మీ కోడలు