బ్యాటరీ దగ్గరి ఎర్ర వైరు

ఆదివారం, మధ్యాహ్నం

బాబాయికి నమస్కారాలు, పిన్నికి కూడా. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నా తెలుగు చూసి నవ్వకు. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్‌లో పెడతావు, పిన్ని వింటుంది, సాయంత్రానికల్లా అమ్మకి చేరుతుంది. అందుకే ఈ ఉత్తరం.

ఫోటో ఫ్రేముల షాపు పెట్టినప్పుడు నువ్వు నాన్నకి కొనిచ్చిన కాలిక్యులేటర్ లేదూ, ఎర్ర అంకెలది, అది తప్పులు చూపిస్తోందని నాన్న ఒకటే గోల. దాని లెక్కతో కోసిన అద్దాలు ఫ్రేములో నిలవకుండా జారిపోతున్నాయి. ఆ డొక్కుదాన్ని పారేసి ఫోన్లో చూసుకోవచ్చుగా అని అమ్మ అంటే, నువ్వూ పాతదానివే, నిన్ను పారేశానా అన్నాడు. అమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నువ్వు ఫోన్లో చెప్పినట్టే, మా స్కూల్ ల్యాబ్ సర్‌ని బతిమాలి అక్కడే విప్పాను. బ్యాటరీ దగ్గర పచ్చగా చిలుం పట్టింది. ఎర్ర వైరు ఒక్క పోగు మీద వేలాడుతోంది. చిలుం గీకి, వైరు కొస ఒలిచి, సోల్డరింగ్ పెట్టాను. వేలు కూడా కాల్చుకున్నాను. బటన్ల నుంచి బోర్డుకి వెళ్ళే సన్న వైర్లన్నీ కదిపి చూశాను, గట్టిగానే ఉన్నాయి. అంకెలు వెలిగాయి. నాన్న నా తల నిమిరి, అచ్చం మీ బాబాయి చెయ్యే అన్నాడు.

కానీ నిన్న మళ్ళీ ఆగిపోయింది. అదే వైరు తెగింది. ఇక బాగవదులే, దానికోసం నువ్వు శ్రమపడి రావద్దు. లెక్కలు నేనే చేసిస్తున్నాను.

పిన్నిని అడిగానని చెప్పు.

నీ
పిచ్చుక

తా.క. అంటించిన కవరు మళ్ళీ చింపాను. వైరు దానంతట అది తెగలేదు బాబాయ్. నేనే కత్తిరించాను.

రిపేరయ్యాక నాన్న వెనక నిలబడి చూశాను. అద్దం కొలతకి ఫ్రేము కొలతలోంచి అంచు వెడల్పు ఒక్కసారే తీసెయ్యాలి కదా. తీసేశాడు. టీ తాగాడు. తీసేసిన సంగతి మర్చిపోయి మళ్ళీ తీసేశాడు. చిన్నదైపోయిన అద్దం జారి పగిలింది. ఇది బాగైందిగా, మరి తప్పు ఎవరిది అని నన్నే అడిగాడు. ఆ మొహం చూడలేకపోయాను. మొన్న నన్ను నీ పేరు పెట్టి పిలిచాడు.

నిన్న అంకెలు రాకపోయేసరికి, చూశావా, నేను చెప్పలా దీనిదే తప్పని, అంటూ ఎంత సంబరపడ్డాడో!

నాకు భయంగా ఉంది. అమ్మకి చెప్పలేను. రా బాబాయ్. దాన్ని చూడ్డానికే వచ్చినట్టు వచ్చి, నాన్నని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు. సోల్డరింగ్ ఐరన్ మాత్రం తేవద్దు.