గుడ్ ఫ్రైడే నాటి కోత

ఫాదర్ గారికి వందనాలు.

పేరు రాయడం లేదు. చదివితే ఎవరో మీకే తెలుస్తుంది. రెండు ఆదివారాలు మీ దగ్గర పాపాలు చెప్పుకుందామని పాపసంకీర్తనానికి వరుసలో నిలబడి, నా వంతు వచ్చేసరికి ఇంటికి తిరిగొచ్చాను.

గురువారం రావాల్సిన వరికోత మిషన్ గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం వచ్చింది. మా పొలం, మా తోటికోడలు లూర్దమ్మక్క పొలం పక్కపక్కనే. అక్క డ్రైవర్‌తో, "ఇయ్యాల యేసుప్రభు పానం ఇడిసిన దినం, నాది రేపు కొయ్యి తమ్మీ" అని చెప్పి గుడికి పోయింది. నేను మబ్బు చూసి, "నాది ఇప్పుడే కొయ్యి" అన్నాను. మీరు అందరిచేత సిలువను ముద్దు పెట్టిస్తున్న వేళకు నేను వడ్ల కుప్ప మీద టార్పాలిన్ కప్పుతున్నాను.

ఆ సాయంత్రమే రాళ్లవాన పడింది. అక్క పొలంలో కంకికి ఒక్క గింజ మిగల్లేదు.

పాపం చెప్పుకునేవాళ్లకు పశ్చాత్తాపం ఉండాలని మీరే అన్నారు. ఎంత వెతికినా అది నాలో దొరకడం లేదు. వడ్లను చూస్తే సంతోషమే వస్తోంది. అక్కను చూస్తే ఏడుపొస్తోంది. ఇందులో పాపం ఏదో నాకు తెలియడం లేదు.

అక్క నన్ను ఒక్క మాట అనలేదు. నిన్న మా గడపలో కూర్చుని, "దేవుడు నీ మాటే విన్నడు చెల్లె. గా దినం నువ్వేం ప్రార్థన చేసినవ్? నాక్కూడ నేర్పు" అంది.

ఆ రోజు నేను ప్రార్థన చెయ్యనే లేదు ఫాదర్. అక్క ఇవాళ సాయంత్రం మళ్లీ వస్తానంది. ఆమెకు ఏం నేర్పను?