తాళం వేసిన తలుపు ముందు మనిషి

ఎల్లారెడ్డి,
6 జనవరి 2014

మహారాజశ్రీ గల్లీదర్శన్ మ్యాపుల కంపెనీ పెద్దసార్లకు,

ఎల్లారెడ్డి నుంచి లస్మయ్య నమస్కరించి రాస్తున్న ఉత్తరం. మేమిక్కడ క్షేమం. అక్కడ మీరు, నెత్తి మీద కెమెరా పెట్టుకొని తిరిగే మీ కారు క్షేమమని తలుస్తున్న.

ముందు ఫోనే చేసిన. ఒకటి నొక్కు, రెండు నొక్కు అని ఒక ఆడపిల్ల చెప్తనే ఉన్నది, నేను నొక్కుతనే ఉన్న. ఆఖరికి పాట పెట్టి ఎటో పోయింది. అందుకని ఉత్తరం.

మొన్న ఆధార్ కాగితం కోసం భీమ్‌సింగ్ ఇంటర్నెట్ దుకాణానికి పోతే, "లస్మన్నా, నీ ఇల్లు కంప్యూటర్ల పడ్డది, చూస్తవా?" అన్నడు. ఆయన బాణం గుర్తు మీద నొక్కుకుంట పోతుంటే బస్టాండు వచ్చింది, మంగవ్వ మిర్చీల బండి వచ్చింది, పెంటకుప్ప వచ్చింది, మా గల్లీ వచ్చింది. కూసున్న కాడ కూసుండి ఊరంతా తిరిగిన. మోకాళ్ల నొప్పులున్నోళ్లకు మంచి సౌలతు చేసిండ్రు.

మా ఇంటికి తాళం వేసి ఉన్నది. కింద 'మార్చి 2013' అని ఉన్నది. అప్పుడు మేం లగ్గానికని జుక్కల్ పోయినం. తాళంతోని పంచాయితీ లేదు సార్. ఆ తలుపు ముందట ఒక మనిషి నిలబడ్డడు. తెల్లంగి, భుజం మీద తువ్వాల, ఒక చెయ్యి నడుము మీద, ఒక చెయ్యి తలుపు గొలుసు మీద. ముఖం చూద్దామంటే మీ కంప్యూటర్ దాని మీద పెరుగు పూసినట్టు చేసింది. భీమ్‌సింగ్ బొమ్మను పెద్దగ చేసిండు. పెరుగు కూడా పెద్దగైంది.

ఆయన కామారెడ్డిల ఉండే మా తమ్ముడు బీరయ్య అని నా అనుమానం. నడుము మీద చెయ్యి పెట్టి దొరలెక్క నిలబడేది మా ఖాందాన్‌ల ఆయనొక్కడే. నాలుగేండ్లయింది మాకు మాటల్లేక. ముందు ఆయన రావాలె, తర్వాత నేను పోవాలె, ఇదీ నా పట్టు. అట్లాంటిది ఆయన వచ్చి, గొలుసు కొట్టి, తాళం చూసి తిరిగిపోయిండేమో అని వారం నుంచి నాకు అన్నం పోతలేదు. దయచేసి ఆ ముఖం మీది మసక తీసి ఒక్కసారి చూపియ్యండ్రి.

ఇట్లు,
ముఖం కోసం చూసే లస్మయ్య

తా.క. పక్కింటి మేక ముఖం మాత్రం అద్దంలెక్క సాఫ్ కనపడుతున్నది. గోడ మీది ఎలక్షన్ పోస్టరుల లీడరు ముఖం చెరిపేసిండ్రు. దానికి మా గల్లీ తరఫున షుక్రియా.

*

హైదరాబాద్,
20 జనవరి 2014

గౌరవనీయులైన లస్మయ్య గారికి,

నమస్కారాలు. మా చిత్రాల్లో మీ ఇల్లు, దాని ముందు ఒక వ్యక్తి కనిపించడం వల్ల మీకు అన్నం కూడా సహించనంత బాధ కలిగిందని మీ లేఖ ద్వారా తెలిసి ఎంతో చింతిస్తున్నాం. ప్రజల గోప్యత మాకు ప్రాణంతో సమానం.

మీ ఫిర్యాదుపై వెంటనే చర్య తీసుకున్నాం. ఆ వ్యక్తినే కాక, మీ ఇంటిని కూడా ఈ గోడ నుంచి ఆ గోడ వరకు పూర్తిగా మసకబరిచామని తెలపడానికి సంతోషిస్తున్నాం. ఇకపై మీ ఇంటిని ఎవరూ చూడలేరు. మీరు నిశ్చింతగా భోజనం చేయవచ్చు.

ఇట్లు,
ప్రణీత,
వినియోగదారుల సేవా విభాగం

తా.క. మీరు ప్రస్తావించిన మేకను కూడా మసకబరిచాం.

*

ఎల్లారెడ్డి,
27 జనవరి 2014

బిడ్డా ప్రణీతకు,

తాతయ్య వరస లస్మయ్య ఆశీర్వదించి రాస్తున్నడు. నువ్వు చల్లగుండాలె. కానీ ఎంత పని చేస్తివి బిడ్డా! మసక తీయుమంటే ఇల్లే తీసేస్తివి. మొత్తం గల్లీల మా ఇల్లొక్కటే మబ్బు పట్టినట్టున్నది. ఉన్న ఒక్క చెయ్యి, ఉన్న ఒక్క నడుము, అవి కూడా పాయె.

ఇక ఊరు ఊకుంటదా? మంగవ్వ మిర్చీలు వేసుకుంటనే అడిగింది: "లస్మన్నా, ఏం తప్పు చేసినవే? కంపెనీవోళ్లు నీ ఇల్లు చెరిపేసిండ్రంట!" మేకాయన నిన్న పొద్దున్నే తలుపు కొట్టి, "నీకూ నీ తమ్మునికీ పడకపోతే నడుమ నా మేక ఏం జేసింది?" అని లొల్లి. ఏమని చెప్పాలె?

నీకు సంగతి తెలవక ఇట్లయింది. అందుకే మొదటి నుంచి చెప్తున్న విను. నాలుగేండ్ల కింద మా బిడ్డ సునీల లగ్గం చేసినం. కార్డుల కింద ఆహ్వానించువారు అని పేర్లుంటయి కదా. అండ్ల మా తమ్ముని పేరు నా బామ్మర్ది పేరు కింద పడ్డది. ప్రెస్సాయన చేసిన పని. బీరయ్య కార్డు వాపస్ పంపిండు. "తోడబుట్టినోని కన్న పిల్లనిచ్చినోడు ఎక్కువయిండా?" అని మనిషితోని చెప్పి పంపిండు. నేనన్న ఊకున్ననా? "కార్డు చూసి వచ్చేటోడు నాకు తమ్ముడే కాదు" అన్న. ఆయన లగ్గానికి రాలే. నేను బతిమాలలే. పోయి ఒక్కసారి చెయ్యి పట్టుకుంటే అయిపోతుండె. పోలే.

అంతటితోని ఆగలే. ఆయన పేరు ఈ ఇంట్ల ఎవరెత్తినా ఆ పూట అన్నం ముట్టనని ఒట్టు పెట్టుకున్న. నా భార్య నర్సవ్వ ఒకటి రెండుసార్లు, "అయ్యో, మన బీరయ్యకు..." అని మొదలుపెట్టింది. నేను చెయ్యి కడుక్కొని లేచిన. ఇగ ఆమె కూడా నోరెత్తుత లేదు. రాస్తే ఒట్టు తప్పినట్టు కాదని నీకు మాత్రం రాస్తున్న.

ఇప్పుడు చెప్పు. ఆయన నిజంగ వచ్చిండా? వస్తే నేను ఎంత పాపిష్టోన్ని! దండం పెడత, ఆ మబ్బు తీయి బిడ్డా.

ఇట్లు,
ఇల్లు పోగొట్టుకున్న లస్మయ్య

తా.క. నర్సవ్వను కూడా ఆ బొమ్మ చూడుమన్న. నాకు కండ్లు ఆనుతలేవన్నది. కండ్ల కోసమే నెలనెలా కామారెడ్డి పోయి వస్తది. ఆ డాక్టరు ఎవరో గాని ఏడాది దాటినా చుక్కలేస్తనే ఉన్నడట. ఇంకా సూదిల దారం ఎక్కుత లేదు.

*

హైదరాబాద్,
5 ఫిబ్రవరి 2014

గౌరవనీయులైన లస్మయ్య గారికి,

నమస్కారాలు. మీ మొదటి లేఖను తప్పుగా అర్థం చేసుకున్నందుకు మనస్ఫూర్తిగా క్షమాపణ కోరుతున్నాను. అయితే మా నిబంధనల ప్రకారం ఒకసారి మసకబరిచిన ఇంటిని తిరిగి చూపడం కుదరదు. ఇంటి యజమాని స్వయంగా అడిగినా కుదరదు. ఒక వ్యక్తి ముఖాన్ని మరొకరికి చూపడమైతే అసలే కుదరదు. మేక విషయంలో కూడా ఇదే నిబంధన అని మా పై అధికారి సెలవిచ్చారు.

మార్చిలో మీ ఊరు వచ్చిన మా కారు బృందాన్ని మాత్రం విచారిస్తాను. వాళ్లకు ఏమైనా గుర్తుంటే రాస్తాను.

ఇట్లు,
ప్రణీత

తా.క. ఇది కంపెనీ మాట కాదు, నా మాట. మాదీ మీ దిక్కే, నస్రుల్లాబాద్. తాతా, మనిషి కామారెడ్డిల ఉంటే ముఖం హైదరాబాద్‌ల అడుగుతరా ఎవరన్న? బస్సెక్కి పోయి ఆయన్నే అడుగుండ్రి.

*

ఎల్లారెడ్డి,
12 ఫిబ్రవరి 2014

చిరంజీవి ప్రణీతకు,

దీవించి రాస్తున్న. నీ ఉత్తరంల పైన రాసిందంతా విడిచిపెట్టి కింది తా.క. ఒక్కటే మళ్ల మళ్ల చదివిన. నస్రుల్లాబాద్ పిల్లవని ముందే చెప్తే ఇంత దూరం వచ్చేదే కాదు.

ఎల్లుండి పోతున్నం. ఆయన ఒక అడుగు ముందు వేసినట్టే కాబట్టి నేను పోతే నాకు చిన్నతనం లేదు. నాకు తెలుసు, అది ఆయనే. పచ్చి శనగ కట్ట ఒకటి తీసుకుపోతున్న. చిన్నప్పుడు చేను గట్టు మీద కాల్చుకొని తింటుంటే మా ఇద్దరి మూతులు నల్లగయ్యేటివి, బాపు కట్టె పట్టుకొని ఉరికిచ్చేటోడు.

కామారెడ్డి పోదాం, బీరయ్య ఇంటికి అంటే నర్సవ్వ చేతిల గంటె కింద పడ్డది. ఏడ్సింది. ఎందుకే అంటే కండ్ల మందు మండుతున్నదన్నది. "పోయే ముందల ఒక్క మాట చెప్త, వింటవా?" అన్నది. ఏమన్న ఉంటే ఆడికి పోయినంక ఆయన ముందటనే చెప్పు అన్న. మా ఆయన మారిండు అని సంతోషమైనట్టున్నది పాపం.

ఇట్లు,
బయలెల్లిన లస్మయ్య

తా.క. ప్రెస్సుకు పోయి సునీల లగ్గం కార్డు కొత్తగ ఒక్కటే ఒక్కటి అచ్చు వేయించిన. తమ్ముని పేరు అందరి కన్న మీద, పెండ్లిపిల్ల కన్న కూడా మీద. ప్రెస్సాయన చదివి, "లగ్గం బీరయ్యదా?" అని అడిగిండు.

*

హైదరాబాద్,
17 ఫిబ్రవరి 2014

తాతకు,

ప్రణీత నమస్కారాలు. మీ జవాబు ఇంకా అందలేదు. మీరు కామారెడ్డి బయలుదేరే లోపే ఈ ఉత్తరం అందాలని ఒక మనసు, అందకూడదని ఒక మనసు. కానీ అడిగింది చెప్పకుండా ఉండలేను.

ఆ రోజు మా కారులో వచ్చిన సహాయకుడు దేవీసింగ్ దొరికాడు. గల్లీ మొదట్లో కారు దిగి, తాగడానికి నీళ్లడుగుదామని ఒక ఇంటి గొలుసు కొట్టాడట. తాళం ఉన్న సంగతి కొట్టాక గాని చూసుకోలేదట. ఈలోపు కారు గల్లీ చివరిదాకా పోయి తిరిగి వచ్చింది, కెమెరా అతణ్నే ఫోటో తీసింది. పొద్దుటి నుంచి కారులో కూర్చుని నడుము పట్టేసిందట. చెయ్యి అందుకే అక్కడుంది.

అది మీ తమ్ముడు కాదు తాతా. మన్నించండి.

ఇట్లు,
ప్రణీత

తా.క. ఇది తెలిస్తే మీరు ప్రయాణం ఆపేస్తారేమోనని రెండు రోజులు ఉత్తరాన్ని నా సంచిలోనే ఉంచుకున్నాను. ఆఫీసులో ఎవరికీ చెప్పకండి.

*

ఎల్లారెడ్డి,
2 మార్చి 2014

బిడ్డా ప్రణీతకు,

తాత దీవెనలు. నీ ఉత్తరం వచ్చేసరికి మేం కామారెడ్డిలనే ఉన్నం. నిన్న వచ్చి చదివిన. నువ్వేం బాధపడకు. అది బీరయ్య కాదని నాకు ఆయన గడపల కాలు పెట్టంగనే తెలిసింది.

ఆయన మంచంల ఉన్నడు బిడ్డా. పక్షవాతం. కుడి చెయ్యి లేస్తలేదు, కుడి కాలు కదులుత లేదు, మాట సగమే వస్తది. మీ కారు మా ఊరికి రాకముందు దసరాకే పడ్డడట. మా తలుపు దాకా కాదు, వాళ్ల తలుపు దాకా కూడా నడిచి ఏడాదిన్నర అయింది.

నేను గడపల కొయ్యలెక్క నిలబడ్డ. నర్సవ్వ మాత్రం నన్ను దాటి సీదా లోపలికి పోయి, ఆయన తల కింద మెత్త సర్ది, వంటింట్లకు పోయి చక్కెర డబ్బా తీసి చాయ పెట్టింది. డబ్బా ఎక్కడున్నదని ఎవర్నీ అడగలే. నెలనెలా పోయే కండ్ల దవాఖాన ఏదో అప్పుడు తెలిసింది నాకు. ఆమె చెప్పబోతే నేను కంచం ముందల నుంచి లేస్తి. ఆ తర్వాత బీరయ్యనే ఆమెతోని ఒట్టేయించుకున్నడట. "వదినా, చెప్పకు. చెప్తే జాలిపడి వస్తడు. జాలితోని రావద్దు, అన్నలెక్క రావాలె" అన్నడట. ఆ ఒట్టు ఒక దిక్కు, నా ఒట్టు ఒక దిక్కు. నడుమ నర్సవ్వ ఎంత నలిగిందో.

బస్సుల నేనొక్క మాట తయారు చేసుకొని పోయిన. అది నోట్లకెళ్లి రానే వచ్చింది. "తమ్మీ, పోయినేడు మా ఇంటికొచ్చి, తాళం చూసి మర్లిపోయింది నువ్వేనా?" అన్న. అంటున్నప్పుడే ఆయన కాలు చూస్తున్న. ఎంత బుద్ధి తక్కువ ప్రశ్న!

బీరయ్య నన్ను చూసిండు. వాళ్ల ఆమె దేవవ్వను చూసిండు. మళ్ల నన్ను చూసి తల ఊపిండు. "నేనే. గొలుసు... కొట్టిన. తాళం... ఉండె" అన్నడు.

ముందు ఆయన రావాలె అన్న నా పట్టు, మంచంల పడి ఉండి కూడా ఆయనే నిలబెట్టిండు. నేనేమనాలె? "అవు తమ్మీ, మేం జుక్కల్ పోయినం. తప్పయింది" అన్న. ఇద్దరికిద్దరం తెలిసి తెలిసి అబద్ధం ఆడుకొని కలిసినం. ఆడోళ్లిద్దరు అవతలికి తిరిగి ఏడ్సిండ్రు.

శనగలు నమలలేడు. కాల్చి, పొట్టు తీసి, మెత్తగ నూరి నోట్లె పెట్టిన. మూతికి నలుపంటితే ఎడమ చేత్తోని తుడుచుకోబోయిండు, ఉండనియ్యి అన్న. కార్డు చూపిస్తే పైన తన పేరు చూసుకొని సగం మూతితోనే నవ్విండు. నవ్వొస్తది నాకు కూడా రాస్తుంటే. కానీ లోపల కాలుతున్నది బిడ్డా. ఎల్లారెడ్డికి, కామారెడ్డికి గంటన్నర బస్సు. నడిచే తమ్ముడు ఉన్నప్పుడు పోలేకపోయిన. ఆ నడక నేనిగ చూడ.

ఒక్క పని చేసిపెట్టు. ఆ దేవీసింగ్‌ను మా ఇంటికి రమ్మను. దూప అయి మా గొలుసు కొట్టిన మనిషికి మేం నీళ్లియ్యలేదు. ఆయన కొట్టకపోతే నేను పోకపోదును. వచ్చేటప్పుడు కారు కూడా తెమ్మను. బీరయ్యను ఆటోల తీసుకొచ్చి మా తలుపు ముందట కుర్చీ వేసి కూసుండబెడత. ఎడమ చెయ్యి బాగనే ఉన్నది, నడుము మీద పెట్టిస్త. పక్కన నేను నిలబడత. ఫోటో తీయండ్రి. మీ రూలు ప్రకారం ముఖాలు చెరిపితే చెరుపుండ్రి. ఆ తలుపు ముందటున్నది ఎవరని ఈసారి నేను ఎవ్వర్నీ అడగ.

ఇట్లు,
బీరయ్య అన్న లస్మయ్య

తా.క. ఇప్పుడు ఊరికి పోయినా తలుపుకు తాళం వేస్తలేను. దొంగలు పడ్తరని నర్సవ్వ మొత్తుకుంటున్నది. కంపెనీవోళ్లు ఇల్లే చెరిపిండ్రు, దొంగకెట్ల దొరుకుతది అన్న.