తండ్రి ఒప్పుకున్నాడు

12 జూన్ 2023
శామీర్‌పేటలో మూడు నెలల పాప చనిపోయింది. తండ్రి ఫిలిప్ తుర్కపల్లి ల్యాబుల స్టాఫ్‌కు క్యాబ్ నడుపుతాడు. స్కాన్‌లో మెదడులో రక్తస్రావం. ఒంటి మీద దెబ్బ లేదు. ఏడుస్తుంటే విసుగొచ్చి గట్టిగా ఊపేశాడని, ఒప్పుకున్నాడని సీఐ ఫోన్లో చెప్పాడు. ఎడిషన్ టైమ్. ఫిలిప్‌ను కలవలేదు. 'తండ్రి ఒప్పుకున్నాడు' అని హెడ్డింగ్ పెట్టి పంపాను.

13 జూన్
ఫస్ట్ పేజీ. వార్త మీద నా పేరు వేసి బైలైన్ ఇచ్చారు.

8 జనవరి 2025
మేడ్చల్ కోర్టు. పాప కేసులో రిపోర్టు ఇచ్చిన డాక్టర్ సాక్ష్యం. ఫిలిప్ లాయర్ సుధాకర్ నింపాదిగా అడిగాడు: స్కాన్ ఒక్కటే చూసి, ఊపడం వల్లేనని చెప్పగలరా? చెప్పలేనన్నారామె. రక్తం గడ్డకట్టని జబ్బున్నా అలా కావచ్చట. ఆ టెస్టులు చేయలేదు. మరి ఊపడం వల్లేనని ఎలా రాశారు?
"తండ్రే ఒప్పుకున్నాడు కదండీ. పేపర్లో చదివాను."
నేను వెనక బెంచీలో ఉన్నాను. రాసుకోవడం ఆపేశాను.

అదే రోజు, సాయంత్రం
సీఐకి ఫోన్ చేశాను. బదిలీ అయ్యాడు, హుషారుగానే ఉన్నాడు. పాప పలకడం లేదని ఎత్తుకుని కదిలించానని మాత్రమే ఆ రోజు ఫిలిప్ అన్నాడట.
"ఎప్పుడు ఊపితే ఏందన్నా? రాసింది నువ్వు. నన్నెందుకు పరేషాన్ జేస్తవ్?"
పాప సోలిపోయాక కదిలించాడు. నేను రాసింది అది కాదు.

11 జనవరి
కౌకూర్. ఫిలిప్ తల్లి మార్తమ్మ ఇల్లు. పేపర్ నుంచి వచ్చానన్నాను, పేరు చెప్పలేదు. ఆ వార్త వచ్చాక చర్చిలో ఆమె కూర్చున్న చాప మీద ఇంకెవరూ కూర్చోలేదట. కోడలు రేచల్ పుట్టింటికి వెళ్లిపోయింది. ఫిలిప్‌కు బెయిల్ రాలేదు.
"గది రాసినోడు నా కొడుకు మాట చెవులార ఇన్నడా బిడ్డా?"
వినలేదన్నాను.
"మరి నీకెట్ల ఎరుక?"
చాయ్ ఇచ్చింది. తాగాను.

12 జనవరి
సుధాకర్‌కు అంతా చెప్పాను. సాక్షిగా వస్తారా అన్నాడు. వస్తానన్నాను. ఎడిటర్‌కు ఇంకా చెప్పలేదు.

3 ఫిబ్రవరి, కోర్టు వరండా
ఫిలిప్‌ను వ్యాన్‌లోంచి దింపారు. మార్తమ్మ నన్ను చూపించింది. నన్ను చూసి బేడీల చేతులతోనే దండం పెట్టాడు.
"అమ్మ చెప్పింది సార్. మా తరఫున వచ్చిండ్రట."
పేపర్లో పడ్డ నా పేరు కోర్టులో ఇంకా పిలవలేదు.