గ్లవ్స్ తొడుక్కుని చెప్పిన గరుకు

మంగళవారం, రాత్రి

మా బోటనీ హెచ్‌వోడీ ఈరోజు గ్లవ్స్ తొడుక్కుని పిల్లలకు గరుకు గురించి పాఠం చెప్పారు. మహానుభావుడు! ఆలూరు దగ్గర పొద్దుతిరుగుడు చేలో నిలబెట్టి, "ఆకు మీద పొట్టిగా, గట్టిగా నూగు ఉంటే దాన్ని గరుకు ఆకు అంటారు, రాసుకోండి" అన్నారు. పిల్లలు తలలు వంచుకుని రాసుకున్నారు. ఒక్కరూ ఆకు ముట్టుకోలేదు.

చేలో కలుపు తీస్తున్న మరియమ్మ చీర మీద మొగుడి పొడుగు చేతుల చొక్కా వేసుకుని ఉంది. "ఇదేం వేషమమ్మా?" అని సార్ నవ్వారు.

"ఆకు గీసుకుంటాది సారూ. చొక్కా లేకుంటే మాపటికి చేతులంతా మంట. ఇంత చెప్తాండారు గదా, కొన నుంచి కాడకు ఒకసారి తడిమి సూడండి" అంది.

సార్ బస్సుకు టైమైందన్నారు. పాతికేళ్లుగా ఇదే పాఠం, ఒక్క ఆకూ తడమని చేతులు. వాటికి రెండు సన్మానాలు కూడా!

తిట్టడం తేలికే. పొద్దున బస్సులో ఆయనకు ఆ గ్లవ్స్ ఇచ్చింది నేనే. ఆకు గీసుకుంటుందని నాకు తెలుసు. మా అమ్మ కూడా నాన్న చొక్కా వేసుకునే చేలకు పోయి నన్ను చదివించింది. ఆమెకు నేను ఒక్క జత గ్లవ్స్ కూడా కొనలేదు.