యాక్సిల్ కొనవద్దు

తమ్ముడు గణేష్‌బాబుకు దీవెనలు. నేను బాగున్నాను. ఈ కొండమీద ఫోను అందడం లేదు కనుక కార్డు రాస్తున్నాను.

పోయిన వారం సంత జనంతో వస్తుంటే, వాగు దాటి గట్టెక్కే చోట జీపు ముందు యాక్సిల్‌లో షాఫ్టు విరిగింది. బండి వెనక్కి జారి ఒక బండకు ఆనుకుని ఆగింది. అందరూ దిగి నడిచారు, ఎవరికీ దెబ్బ తగలలేదు.

మెకానిక్ చూసి, "ఏంటండీ ఈ టైర్లు? మీ రామచంద్రపురంలో దమ్ము చేసే చేననుకున్నారా?" అని నవ్వాడు. దమ్ములో ట్రాక్టరు బురదలో దిగబడకుండా మనం పెద్ద చక్రాలు వేస్తాం. ఇక్కడ జీపుకూ అదే చేశాం. ఇక్కడ ఉన్నది రాయి. పెద్ద టైరు రాళ్ళలో ఇరుక్కుంటే బలమంతా యాక్సిల్ మీద పడుతుంది.

ఆ టైర్లకు తోడుగా ఉంటుందని నువ్వు బేరమాడుతున్న బరువు యాక్సిల్ వద్దని చెప్పెయ్యి. అది ఉంటే వాగు నిండుగా ఉన్నా దాటాలనిపిస్తుంది. నేను ఎక్కించుకునేది మనుషుల్ని. షాఫ్టు మార్పించి, పాత చిన్న టైర్లే వేయించాను. ఆ పెద్ద టైర్లు నువ్వు ముచ్చటపడి కొన్నవి, తీయించానని మరోలా అనుకోకు.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? కొబ్బరి దింపు అయిందా? ఎవరైనా ఇటు వస్తే నా గొడుగు పంపు.

పెద్ద టైర్లు వేసినప్పటి నుంచి అచ్చాయమ్మగారనే ముసలావిడను చెయ్యి పట్టి జీపు ఎక్కిస్తున్నాను. నిన్న చెయ్యి చాపితే, "తియ్యి బాబూ, ఇప్పుడు నేనే ఎక్కగలను" అని ఎక్కి కూర్చున్నారు.

మరదలు హారతికి, పిల్లలకు ఆశీస్సులు.

బుల్లిరాజు